పంచె కట్టిన జెండా దళం

కెనడా డే పరేడ్‌లో జెండాలు పట్టుకుని నడవమని ఒషావా తెలుగు సంఘానికి మొదటిసారి పిలుపొచ్చింది. నడిచే నలుగురిలో కెనడా జెండా ఎవరు పట్టాలన్న దాని మీద గొడవ రాలేదు. సంఘం పెట్టినవాడు, కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరైనవాడు సుబ్బరాజే పట్టాలి. గొడవంతా బట్టల దగ్గర వచ్చింది.

"నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా అంకుల్. సేఫ్," అంది సెక్రటరీ మధుమిత.

"సేఫేంటమ్మా, పెళ్ళిలో వడ్డించేవాళ్ళలాగా! పంచెలు కట్టుకునే నడుస్తాం."

"అయితే వెల్క్రోవి ఆర్డర్ చేస్తా. అంటించుకుంటే చాలు."

సుబ్బరాజుకి చిర్రెత్తుకొచ్చింది. "భీమవరం పక్కన పుట్టినోణ్ణి, నాకు అంటించుకునే పంచేంటి? నా పంచె దారిలో జారిందా, వచ్చే ఏడు నుంచి అందరికీ ప్యాంట్లే. నేను నోరెత్తితే అడుగు."

"మాట మీదుంటారా?"

"ఉంటా."

పరేడ్ రోజు మిగతా ముగ్గురికీ ఆయనే దగ్గరుండి కుచ్చిళ్ళు పోసి కట్టాడు. వాళ్ళవి నూలు పంచెలు. పట్టుపంచె నున్నగా జారుతుందని తెలిసినా, ఫొటోలో బావుంటుందని తను మాత్రం అదే కట్టాడు. పంచె మీద, జెండాకర్ర ఆనించుకునే తోలు బెల్టు.

సగం దూరం వెళ్ళేసరికి ఊరి పక్కనున్న సరస్సు వైపు నుంచి గాలి లేచింది. జెండా తెరచాపలా ఉబ్బింది. కర్ర బరువుకి బెల్టు కిందికి దిగింది, దాంతోపాటే పంచె. రెండు చేతులూ కర్ర మీదే ఉన్నాయి. ఒకటి తీస్తే జెండా వాలిపోతుంది, తియ్యకపోతే పంచె దక్కదు. ఆగుదామంటే వెనక బ్యాండు వాళ్ళు తరుముకొస్తున్నారు. సుబ్బరాజు మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని బాతులా నడవసాగాడు.

రోడ్డు పక్క జనంలో నిలబడ్డ ఆయన భార్య దమయంతి ఆ నడక చూసింది. హ్యాండ్‌బ్యాగు పక్కావిడ చేతిలో పెట్టి, సరాసరి వచ్చి ఆయన వెనక చేరి, నడుం దగ్గర పంచెని గుప్పిట బిగించి పట్టుకుంది.

"ఏంటే ఇది, అందరూ చూస్తున్నారు!"

"వదిలేస్తే ఇంకా చూస్తారు. నడవండి."

ఆయన అడుగులో అడుగు కలిపి, మొహంలో ఏమీ తెలియనివ్వకుండా చివరిదాకా నడిచింది. చూసినవాళ్ళు ఇదేదో తెలుగువాళ్ళ ఆచారం కాబోలనుకుని చప్పట్లు కొట్టారు.

తర్వాతి మీటింగుకి సుబ్బరాజు ఓడిపోయిన మొహంతోనే వచ్చాడు.

"పూర్తిగా జారలేదుగా అంకుల్," అంది మధుమిత నవ్వాపుకుంటూ. "టెక్నికల్‌గా మీరే గెలిచారు. పంచెలే ఉంచుదాం. ఏటా ఆంటీ అలా వెనక నడిస్తే చాలు. ఫొటోలు చూసి అందరూ ఆవిడ గురించే అడుగుతున్నారు."

సుబ్బరాజుకి ప్రాణం లేచొచ్చింది. పక్కనే కూర్చున్న భార్య వైపు ఆశగా చూశాడు.

"వెనక నేను నడవను," అంది దమయంతి. "జెండా పడతా. ఇన్నేళ్ళ నుంచి చీర కడుతున్నా, ఒకళ్ళు వచ్చి పట్టుకోవాల్సిన అవసరం రాలేదు."

సుబ్బరాజు బల్ల మీదున్న తోలు బెల్టు తీసి కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీ నడుముకి ఇది వదులవుద్ది," అన్నాడు. "ఇంకో రెండు కన్నాలు పొడిపించాలి."