చెవిన వేయాల్సిన మాట

కోర్టులో గుమాస్తాగా చేరాక నాకు చుట్టాలు పెరిగారు. అందరిదీ ఒకటే కోరిక: జడ్జిగారి చెవిన ఒక్క మాట వెయ్యమని. కుదరదని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

ఇవాళ సొంత పిన్నే వచ్చి వరండాలో నా చెయ్యి పట్టుకుంది. పక్క వాటాలో ఉండే మరిది తమ కిటికీకి అడ్డంగా గోడ కట్టాడని ఆమె కేసు వేసింది.

"ఒక్క మాటరా. ఆయన చెవిన పడేస్తే చాలు."

"పిన్నీ, అవతలివాళ్లు వినకుండా జడ్జిగారికి ఏదీ చెప్పకూడదు. ఆయన్ని కన్నతల్లి అయినా సరే, చెప్పకూడదు."

"అంటే, మా మరిది వింటే చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు," అన్నాను, నా చెయ్యి వదిలితే చాలనిపించి.

ఆమె తిన్నగా బెంచీ మీద కూర్చున్న మరిది దగ్గరికి నన్ను లాక్కెళ్లింది.

"నువ్వూ వినవయ్యా, నీ ముందే చెబుతున్నా," అని నా వైపు తిరిగింది. "మంచాన పడ్డాక మా ఆయనకి ఆ కిటికీయే లోకంరా. తమ్ముడు పనికి వెళ్తుంటే అందులోంచి చూసేవారు. గోడ లేచాక, 'వాడు వెళ్లాడా?' అని నన్ను అడిగేవారు. ఆయన పోయిన రోజు పొద్దున కూడా అడిగారు. ఇదే చెప్పు జడ్జిగారికి."

మరిది బెంచీ మీంచి లేచాడు.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు వదినా?"

"జడ్జికి చెప్పాల్సిన మాటనుకున్నాను," అంది పిన్ని.