నా మొహానికి పరాయి గొంతు

ఫణి మా మేడమీద గదిలోకి అద్దెకు వచ్చిన కొత్తలో అతను ఏం పని చేస్తాడో నాకు అర్థం కాలేదు. పొద్దున్నే మెట్లమీద కూర్చుని ఫోనులో ఏదో రాసుకునేవాడు. తర్వాత స్నానం చేసి, బండి తీసి, నయాపూల్ దగ్గర ఏదో ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్లేవాడు. ఆదివారం వస్తే నిఖిలేష్ అనే స్నేహితుడు కెమెరా భుజాన వేసుకుని దిగేవాడు. ఇద్దరూ పొద్దుగూకేదాకా గల్లీల్లో తిరిగేవారు. పెళ్లి ఫోటోలు తీస్తారా అని ఒకరోజు అడిగాను. సినిమా తీస్తున్నామన్నాడు. ఉద్యోగం అద్దెకూ అన్నానికీ, ఆదివారం సినిమాకీ, పొద్దుటి ఆ కాసేపూ బ్లాగుకీ అన్నాడు. బ్లాగు అంటే నలుగురూ చదివేలా ఫోనులో రాసుకునే డైరీ అని చెప్పాడు.

మాది యాకుత్‌పురా స్టేషను వెనక గల్లీ. మా ఆయన అంజన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి కట్టిన ఇల్లు. రోజూ గడప దిగుతూ "పోయొస్త" అనేవాడు, నేను "పోయి రా" అనేదాన్ని. తిరిగిరాని రోజున కూడా ఆ మాట అన్నాను. అంటే మనిషి తప్పకుండా వస్తాడని కాదు. కానీ అనకుండా పంపితే ఏమవుతుందోనన్న భయం నన్ను ఎన్నడూ వదల్లేదు. అద్దెకున్నవాళ్లైనా సరే, గేటు చప్పుడైతే పొయ్యిమీది గిన్నె దించి బయటికి వచ్చేదాన్ని.

నేను బడికి పోలేదు. మా బిడ్డ సుజన చదివి వదిలేసిన వాచకాలు అది బడికి వెళ్లాక ముందేసుకుని, బొమ్మ చూసి అక్షరం, అక్షరం చూసి మాట, అలా నేర్చుకున్నాను. బస్సు బోర్డులు, కిరాణా పొట్లాలు, పాత వారపత్రికలు, ఏది దొరికితే అది చదివాను. అంత కష్టపడి చదివింది అబద్ధం అయ్యుంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు. ఫణి నా ఫోనులో తన బ్లాగు పెట్టి ఇచ్చాక ప్రతి సోమవారం పొద్దున అది చదవడం నాకు పూజలాంటిదైంది. మేనేజరు సెలవివ్వలేదని రాసేవాడు. ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చుని మనసులో సీను రాసుకుంటే లెక్క తప్పిందని, తిట్లు తిన్నానని రాసేవాడు. ఆ రోజుల్లో అతని బండి చప్పుడు వినబడేదాకా నాకు అన్నం దిగేది కాదు. నిద్ర చాలని మనిషి, మదీనా దగ్గర ఆ ట్రాఫిక్కులో ఎట్లా వస్తున్నాడోనని.

సుజన సంగతి అతనికి నేనే చెప్పాను. అది తనకు నచ్చినవాణ్ణి చేసుకుంటానంది. నేను ఇంకొన్నాళ్లు ఆగమన్నాను, మాటా మాటా పెరిగింది. అతని ఊరు నిజామాబాద్‌ వెళ్లిపోతానని సంచి సర్దుకుంది. దారిలో తింటుందని, దానికి ఇష్టమైన ఖారా బిస్కెట్లు తెద్దామని నేను బేకరీకి పరుగెత్తాను. పొట్లం పట్టుకుని వచ్చేసరికి ఆటో వెళ్లిపోయింది. సాగనంపడం ఇష్టం లేక అమ్మ ఇంట్లోంచి వెళ్లిపోయిందని అది అనుకుంది. ఇప్పటికీ అట్లాగే అనుకుంటోంది. నంబరు మార్చింది. జహనుమాలో ఉండే మా ఆడబిడ్డ చంద్రమ్మతో మాత్రం మాట్లాడుతుంది. నంబరు అమ్మకివ్వకని ఒట్టు వేయించుకుంది. చంద్రమ్మ చేత కబురు పంపుదామంటే, ఆమె మోసే మాట ఉప్పూ కారం తగలకుండా చేరదు.

ఫణి అంతా విన్నాడు. తర్వాత, "మామ్మగారూ, ఇదే తీద్దాం. ఆ రోజు మీరు ఏమనాలనుకున్నారో అదే అనండి, మీ మాటల్లోనే. మీ అమ్మాయి ఎక్కడున్నా ఫోనులో చూస్తుంది," అన్నాడు.

నేను ఒప్పుకున్నది అందుకే. మొహం చూపించుకోవాలన్న ఆశ ఈ వయసులో ఏముంటుంది? నా గొంతు సుజన చెవిన పడాలి. అంతే.

సినిమా పేరు 'పొట్లం'. అతని ఆఫీసులో పనిచేసే ఉదయశ్రీ నా బిడ్డగా వేసింది. ఆదివారాలు దొరికినప్పుడల్లా తీశారు. ఒక ఆదివారం ఆఫీసువాళ్లు పిలిచేవారు, ఇంకో ఆదివారం వాన. చివరి సీను మా గడప దగ్గరే. బిడ్డ ఆటో ఎక్కుతుంటే తల్లి పొట్లం చేతిలో పెట్టి ఒక్క మాట అనాలి. కాగితంమీద ఏమీ రాయలేదు ఫణి. నేనే అన్నాను.

"కోపం నీది నువ్వు ఉంచుకో. గివి పట్టుకపో. పోయి రా బిడ్డా."

అంటున్నప్పుడే స్టేషన్లోకి రైలు వచ్చింది, కూత వేసింది. మళ్లీ తీద్దామా అన్నాడు నిఖిలేష్. నేను గడపమీద కూర్చుండిపోయాను, ఉదయశ్రీ నిజంగానే ఏడుస్తోంది. ఫణి వద్దన్నాడు. ఆ సోమవారం బ్లాగులో రాశాడు: 'రైలు కూడా మా సినిమాలో నటించింది. మా సినిమాలో డబ్బింగు ఉండదు. మాణిక్యమ్మ గారి గొంతు మాణిక్యమ్మ గారిదే.' నా పేరు అచ్చులో చూడడం అదే మొదలు. వేలితో తడిమి తడిమి చదివాను.

తర్వాత కొన్ని నెలలు అతను మనిషిలా లేడు. ఆఫీసు నుంచి వచ్చి ఎడిటింగు, పొద్దున బ్లాగు, మళ్లీ ఆఫీసు. ఏదో పోటీకి పంపాలి, గడువు దగ్గరపడింది అనేవాడు. చాయ్ ఇస్తే చల్లారేదాకా ముట్టుకునేవాడు కాదు. అయిందా బాబూ అని అడిగితే నా కళ్లలోకి చూడకుండా అయిపోవస్తోంది అనేవాడు. అలసట అనుకున్నాను.

అబిడ్స్‌లో ఒక చిన్న హాల్లో ఆదివారం మధ్యాహ్నం సినిమా వేశారు. చంద్రమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. సుజన తన మొదటి జీతంతో కొనిపెట్టిన ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. హాలు నిండా ఫణి బ్లాగు చదివేవాళ్లే. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టారు.

తెరమీద నా మొహం గోడంత ఉంది. మొదట్లో నాకు మాటలు లేవు. గిన్నెలు కడగడం, సంచి వైపు చూడడం, అంతే. చివరికి గడప వచ్చింది. నా చేతిలో పొట్లం. నా పెదవులు కదిలాయి.

"కోపం ఉంటే ఉండనివ్వు. ఇవి తీసుకెళ్లు. వెళ్లిరా తల్లీ," అంది ఒక తియ్యటి గొంతు.

ఎవరో పడుచుపిల్ల ముసలిదానిలా మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంది. రైలు లేదు. వెనక సన్నగా వేణువు. నా పెదవులు ఒక మాట అంటుంటే చెవికి ఇంకో మాట తగులుతోంది. నా నోట్లో ఎవరో చేయి పెట్టినట్టనిపించింది.

చంద్రమ్మ నా మోచేయి పొడిచింది. "వదినా, గిదేంది? నువ్వు గిట్ల మాట్లాడుడు ఎప్పుడు నేర్చినవ్?"

జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఏడ్చారు కూడా. ఫణి నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పించాడు. కూర్చున్నవాళ్లలోంచి ఒకామె, మామ్మగారు రెండు మాటలు మాట్లాడాలి అంది. ఫణి చేతిలో మైకు ఉంది. నేను చేయి కూడా చాచాను.

"మాణిక్యమ్మ గారికి ఇవాళ గొంతు బాగాలేదండీ. ఆమె తరఫున నేనే చెబుతాను," అన్నాడు.

నేను మాట్లాడితే హాలు మొత్తానికి తెలిసిపోతుందని అప్పుడు అర్థమైంది. చాచిన చేయి శాలువా కింద పెట్టుకున్నాను. అతను ఏం చెప్పాడో నాకు వినబడలేదు.

మర్నాడు సోమవారం. అయినా ఆశ చావలేదు. రాతలోనైనా నిజం చెబుతాడేమో, గొంతు ఎందుకు మార్చాల్సి వచ్చిందో నలుగురి ముందు ఒప్పుకుంటాడేమో అని అద్దాలు పెట్టుకుని ఫోను తీశాను. 'ఈ సినిమాలో ప్రతి గొంతూ యాకుత్‌పురాదే' అని ఉంది. నేనే తప్పు చదివానేమోనని అక్షరం అక్షరం కూడబలుక్కుని మళ్లీ చదివాను. అదే ఉంది.

మెట్లెక్కి వెళ్లాను. ఫణి ఆఫీసుకు బూట్లు వేసుకుంటున్నాడు. నా చేతిలో ఫోను చూసి తల దించుకున్నాడు. నేను అడగకముందే చెప్పుకొచ్చాడు. రైలు కూతలో నా మాట మునిగిపోయిందట. కృష్ణానగర్‌లో డబ్బింగు స్టూడియో ఒక్క పూటే దొరికిందట. నన్ను అక్కడికి తీసుకువెళ్లాలంటే ఆఫీసుకు సెలవు పెట్టాలి, సెలవులన్నీ షూటింగుకే అయిపోయాయి. ఇంకోటి పెడితే ఉద్యోగం తీసేస్తామన్నారు. పోటీ గడువు ఆ సాయంత్రమే. స్టూడియోలో గొంతులిచ్చే అమ్మాయి ఉంటే ఆమె చేత చెప్పించేశాడు. నా మాటలు కూడా ఆమెకు నోరు తిరిగేలా మార్చాడు.

"నాకొక్క మాట చెప్తే ఏం పోయేది?" అన్నాను.

"బాధపడతారని చెప్పలేదు మామ్మగారూ."

"మరి గిదేంది?" ఫోను అతని ముందు పెట్టాను. "గిది సుత నేను బాధపడతననే రాసినవా?"

అతను లేసులు కట్టుకోవడం ఆపాడు. "డబ్బింగు ఉండదు, ఉండదు అని ఏడాదిగా రాస్తున్నాను. చదివేవాళ్లంతా ఆ మాటకే వచ్చారు. ఇప్పుడు మార్చి ఎలా రాయను?"

"రాత మార్చనీకి రాలే గని, నన్ను మార్చనీకి వచ్చిందా?"

నా గొంతు నాకు ఇచ్చేయమన్నాను. రైలు మోతతోనే సరే, ఎట్లా ఉంటే అట్లాగే ఇయ్యమన్నాను. అతను ఇంకా తల వంచేశాడు. నా గొంతు రికార్డయిన కార్డు నిఖిలేష్‌ది. వేరే షూటింగుకు కావాలంటే తుడిచేసి ఇచ్చాడట.

"అందులో రైలు తప్ప ఇంకేం వినబడదండీ," అన్నాడు.

"వినబడకుంటేంది? ఆ మోత లోపట నేనుంటి," అన్నాను.

ఆఫీసుకు ఆలస్యమవుతోందని వెళ్లిపోయాడు. ఆ రోజు కూడా నేను కిందికి దిగి, అలవాటు కొద్దీ, గేటు దాకా వచ్చాను. మాట మాత్రం రాలేదు.

సినిమా ఫోనుల్లోకి వచ్చింది. చాలామంది చూశారని చెప్పారు. నేను చూసింది చంద్రమ్మ దారి ఒక్కటే. గొంతు ఎవరిదైతేనేం, మొహం నాదే కదా, తల్లి మొహం చూసి బిడ్డ కరగదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒక మధ్యాహ్నం చంద్రమ్మ వచ్చి మంచంమీద కూలబడి మంచినీళ్లు తాగింది. ఈసారి ఆమె ముఖంలో ఉప్పూ లేదు, కారమూ లేదు.

"చూసిందట వదినా. ఎవరో పంపితే చూసిందట."

"ఏమన్నది?"

"ఆ ముసలామె అచ్చం మా అమ్మ లెక్కనే ఉన్నది అత్తమ్మా అన్నది. చీర సుత గట్లనే కట్టిందట. గని గొంతు వినంగనే తెల్సిపోయిందట. మా అమ్మ గిట్ల మాట్లాడదు, మా అమ్మ గిసుంటి మాట ఎన్నడనదు అన్నది."

"అది నేనే అని చెప్పలేదా నువ్వు?"

"చెప్పిన. నవ్వింది. అమ్మ నిన్ను పంపిందా అన్నది. ఫోన్ పెట్టేసింది."

చంద్రమ్మ వెళ్లేటప్పుడు పోయొస్త వదినా అంది, నేను పోయి రా అన్నాను. తర్వాత తలుపు చెక్క పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. బేకరీకి పరుగెత్తిన రోజున కూడా ఇంత మోసపోయినట్టు అనిపించలేదు. ఆ రోజు ఆటో వెళ్లిపోయింది, అంతే. ఈసారి నా మొహాన్ని నా బిడ్డ దాకా తీసుకెళ్లి, ఈమె మీ అమ్మ కాదని చెప్పి వచ్చారు.

పోటీలో 'పొట్లం'కు బహుమతి రాలేదు. కానీ బ్లాగు చదివిన ఒక కంపెనీవాళ్లు ఫణిని రచన పనికి పిలిచారు. మణికొండలో ఆఫీసు. ఇన్సూరెన్సు ఉద్యోగం మానేశాడు, గది ఖాళీ చేస్తానన్నాడు. మూడు పనుల్లో ఒకటి తగ్గింది, ఇక నిద్రపోతాడు అని మొదట అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు నామీద నాకే కోపం వచ్చింది.

సామాను ఆటోలో సర్దాక అతను గడప దగ్గరికి వచ్చాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. పరుపు తాడు సరిగ్గా కట్టలేదు, నయాపూల్ మీద జారిపోతుంది అని నా మనసు అటే పోతోంది. ఫణి జేబులోంచి ఫోను తీసి నా మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"మామ్మగారూ, వెళ్లొస్తాను. ఒక్కసారి ఆ మాట అనరా? ఇప్పుడు రైలు కూడా లేదు. మీ సొంత గొంతు రేపు బ్లాగులో పెడతాను. మీ అమ్మాయి వింటుంది."

అతని కళ్లలో నీళ్లున్నాయి. అవి అబద్ధమని నేను అనను. కానీ చేయి వణకలేదు. ఫోనులో నేను సరిగ్గా కనబడుతున్నానో లేదో చూసుకుని, ఒక అడుగు పక్కకు జరిగాడు.

సుజన వింటుందన్న మాటకు నా ప్రాణం లేచి వచ్చింది. నోరు తెరిచాను కూడా. పోయి రా అన్న మాట నాలుకమీదే ఉంది. అంటే అది సుజనకు చేరుతుందో చేరదో. అతనికి మాత్రం చేరుతుంది. రేపు దాని కింద ఇంకేం రాస్తాడో, దానికి ఏ వేణువు కలుపుతాడో.

"నా గొంతు బాగలేదు," అన్నాను. "నువ్వే చెప్పినవ్ గద, అందరి ముంగట."

ఫోను మెల్లగా దించాడు. నేను ఇంకేమైనా అంటానేమోనని చూశాడు. తర్వాత వెళ్లి ఆటోలో పరుపు పక్కన కూర్చున్నాడు. ఆటో గల్లీ మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు. ఇన్నేళ్లలో ఆ గడప దిగిన మనిషిని కావాలనే ఆ మాట అనకుండా పంపింది అదే మొదలు.

లోపలికి వచ్చి పొయ్యి వెలిగించాను, ఆర్పేశాను. తాడు ఊడిపోతుందేమో, ఆటోవాడు దారి తప్పుతాడేమో. స్టేషన్లోకి రైలు వస్తున్న చప్పుడైంది. కూత మొదలయ్యాక గోడవైపు తిరిగి, గట్టిగా, పోయి రా బిడ్డా అన్నాను. ఆ మోతలో నాకే వినబడలేదు.