వెండిగీత తెగినచోట

మూడో ప్లాస్టిక్ పలక కూడా చెడింది. మిషను సూదిలాంటి గొట్టంలోంచి దిగిన వెండి ఇంకు పలక మధ్యలో తీగలా బుద్ధిగా సాగి, అంచుల దగ్గరకొచ్చేసరికి బొట్లుబొట్లుగా ముద్దకట్టి తెగిపోతోంది. గీత తెగితే కరెంటు పారదు. కరెంటు పారకపోతే రేపట్నుంచి మేస్త్రి మళ్లీ ప్యాకింగులో అట్టపెట్టెలు అంటించుకోవాల్సిందే. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి ఈ మిషను దాకా రావడానికి పదకొండేళ్లు పట్టింది. దిగడానికి ఒక్క పూట చాలు.

"ఏం బావా, నువ్వు ఇంకు మీద అలిగావా, అదే నీమీద అలిగిందా?" అన్నాడు సూపర్‌వైజరు. మేస్త్రి భార్య తమ్ముడే. ఇంట్లో ఎదురుగా కాళ్లు చాపడు, ఇక్కడ మాత్రం నిలబెట్టి అడుగుతాడు.

"ఇంకు పాతదేమో చూడు."

"నిన్న ఇంజనీరు దీంతోనే పది పలకలు కొట్టాడు. ఒక్కటీ తెగలేదు. మూడింటికి సరుకు కొనే పార్టీ వస్తోంది. అప్పటికి ఒక్క మంచి పలకైనా లేకపోతే మిషను ఆ ఇంజనీరుకే ఇచ్చేస్తారు. నా చేతుల్లో ఏం లేదు."

చదువుకున్నవాడు పలక చెడగొడితే ప్రయోగం అంటారు, తాను చెడగొడితే చేతకానితనం అంటారు. ఆ మంటతోనే మేస్త్రి చెడిన పలక తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. గీతలు తెగిన చోట్లు ఒక అంచున ఒకటి, అవతలి అంచున నాలుగు. పట్టుకున్న బొటనవేలూ నాలుగు వేళ్లూ సరిగ్గా వాటిమీదే ఉన్నాయి.

పలకలు తుడిచే స్పిరిట్‌కి వేళ్లు పగిలిపోతున్నాయని పొద్దున్న భార్య తనని దగ్గర కూర్చోబెట్టుకుని చేతులకి క్రీము పట్టించింది. ఆ జిడ్డు చేతులతోనే గ్లవ్సు వేళ్లు పట్టుకుని లాక్కున్నాడు. గ్లవ్సు ఉన్నాయిగదా అన్న ధీమా. ఆ జిడ్డు గ్లవ్సు మీంచి పలకకంటింది, జిడ్డున్నచోట ఇంకు నిలవలేదు.

"ఒరేయ్, ఇటు రా. తప్పు ఇంకుది కాదు, నాదే. క్రీము జిడ్డు."

"పెళ్లికొడుకులా క్రీము రాసుకొచ్చావా బావా?"

"మీ అక్క రాసింది. వద్దంటే ఊరుకునే మనిషా?"

"కాదులే," అని ఒప్పుకున్నాడు బావమరిది.

మేస్త్రి మోచేతులదాకా రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. కొత్త గ్లవ్సు మణికట్టు దగ్గరే పట్టి వేసుకున్నాడు. కొత్త పలకను స్పిరిట్‌తో తుడిచి మిషను కింద పెట్టాడు. ఈసారి గీత ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఎక్కడా ఆగలేదు. ఇంకు గట్టిపడేలా ఓవెన్‌లో అరగంట వేడిచేసి, గీత రెండు చివర్లా కరెంటు పారితే కూసే మీటరు ముళ్లు ఆనించాడు. కుయ్‌మంది.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు సూపర్‌వైజరు. మళ్లీ కుయ్‌మంది.

అతను ఫోను తీశాడు. "పలక రెడీ సార్. ఇంజనీరు అక్కర్లేదు. మిషను మీద మా బావే ఉంటాడు."

మేస్త్రి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నానని అప్పుడుగానీ అతనికి తెలియలేదు.