ఆరిన్ ఇంటి దుప్పి

పొద్దున్నే గొర్రెలకు గడ్డి వేసి, బూట్ల బురద గుమ్మం దగ్గరే దులుపుకుని, కాఫీ ముట్టే ముందు దుప్పికి ఉప్పు పెట్టడం ఆరిన్ హాగెన్‌కి అలవాటు. వాళ్ల నాన్న మోంటానా కొండల్లో కొట్టిన దుప్పి అది. తల ఒక్కటే, హాల్లో పొయ్యి పైన గోడకి ఉంటుంది. అరచెయ్యి చాపితే గరుకు నాలుకతో ఉప్పు నాకి, మళ్లీ కిటికీలోంచి కొండల వైపు చూస్తూ నెమరు వేసుకుంటుంది. చలికాలం దాని ఊపిరికి అద్దం మసకబారితే ఆరిన్ భార్య యూనిస్ గుడ్డ పెట్టి తుడుస్తుంది. ఇంటికొచ్చినవాళ్లు "ఈ ఏడు మీ దుప్పి కాస్త చిక్కిందే" అంటారు, అంతే.

ఆ మార్చిలో దుప్పి ఉప్పు ముట్టడం మానేసింది. కొండల్ని చూడడమూ మానేసి, మెడ తిప్పి మేడ మెట్ల వైపే చూడసాగింది. మెట్ల పైన కూతురు సిగ్నీ గది.

"పంటి నొప్పేమో దీనికి," అన్నాడు ఆరిన్.

పదిహేనేళ్ల సిగ్నీకి మాత్రం కడుపు నొప్పి. ఎంతకీ తగ్గకపోతే ఊళ్లో క్లినిక్‌కి తీసుకెళ్లాడు. నర్సు డెల్ఫీన్ పొట్ట నొక్కి చూసి, "మీరు కాసేపు బయట కూర్చోండి, పిల్లతో మాట్లాడాలి," అంది. తండ్రి వినకూడని మాటలేముంటాయని ఆరిన్‌కి అక్కడే అనుమానం మొదలైంది. తర్వాత అతన్ని ఒక్కణ్ణే పిలిచింది.

"తుపాకులున్నాయా అని అడగను. ఈ లోయలో లేని ఇల్లు లేదు. బీరువా తాళంచెవి ఎక్కడ పెడతారు?"

"కడుపు నొప్పికీ నా తుపాకులకీ ఏమిటమ్మా సంబంధం?"

"ఈ వయసు పిల్లలున్న ప్రతి ఇంటినీ అడుగుతాను. మా అన్నయ్యనీ అడిగాను, వాడూ ఇలాగే మొహం పెట్టాడు."

"అడిగి ఎవరికి చెప్తారు?"

"ఎవరికీ చెప్పను. వాటిని అమ్మేయమనీ అనను. తుపాకులు ఒకచోట, తూటాలు ఇంకోచోట, రెండింటికీ తాళం, ఆ చెవి పిల్ల చేతికి అందకూడదు. లేత మనసు హాగెన్ గారూ. ఒక్కోసారి సుడిగాలి లేస్తుంది. అది పోయేదాకా చేతికేమీ దొరక్కపోతే గండం గడిచినట్టే."

"మా పిల్ల అలాంటిది కాదు."

"అలాంటి పిల్లలని వేరే ఉండరు," అంది డెల్ఫీన్ మెల్లగా.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో ఆరిన్ మనసు మనసులో లేదు. ఇవాళ చెవి ఎక్కడంటారు, రేపు తుపాకీ ఇచ్చేయమంటారు.

"ఏం అడిగింది నిన్ను?"

"ఏం లేదు."

"నువ్వేం చెప్పావు?"

"ఏం లేదన్నాగా నాన్నా."

రేడియోలో పాట వస్తుంటే గొంతు కలిపే పిల్ల, చెయ్యి చాపి దాన్ని కట్టేసింది. ఆరిన్ ఓరకంట చూశాడు. ఇప్పుడు అనుమానం నర్సు మీదా, కూతురి మీదా అన్నది అతనికే తెలియలేదు.

ఇంటికొచ్చాక చూస్తే, సిగ్నీ ఎటు వెళ్తే దుప్పి తల అటు తిరుగుతోంది. ఆమె మేడెక్కి తలుపు వేసుకున్నాక, అది వంటింటి గుమ్మం పైకి చూపు నిలిపింది. తుపాకుల బీరువా తాళంచెవి ఉండేది ఆ గుమ్మం పైనే, ఆరిన్ తండ్రి నాటి నుంచీ. చెయ్యెత్తి తడిమాడు. చెవి ఉంది. కుర్చీ ఎక్కి చూస్తే, దాని చుట్టూ పేరుకున్న దుమ్ములో మాత్రం సన్నటి వేళ్ల గుర్తులు.

"యూనిస్, చెవి తీశావా?"

"నాకెందుకు? తుపాకీ పట్టుకుని ఎన్నేళ్లయింది నేను?"

ఆరిన్ తూటాలు పట్టుకెళ్లి కొట్టంలో పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ చెవినీ బీరువా చెవినీ ఒకే తీగకు గుచ్చి, దుప్పి కొమ్ము కొసకి తగిలించాడు.

"ఆ నర్సు చెప్పిందని కాదు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

ఆదివారం మధ్యాహ్నం యూనిస్ చర్చికి వెళ్లింది. ఆరిన్ ఈనుతున్న గొర్రె దగ్గర ఉన్నాడు. వేడినీళ్ల కోసం ఇంట్లోకి వచ్చినవాడు హాల్లోనే ఆగిపోయాడు.

పొయ్యి ముందు కుర్చీ. కుర్చీ మీద సిగ్నీ, మునివేళ్ల మీద నిలబడి చెయ్యి చాపి ఉంది. దుప్పి గోడలోంచి మెడ సాచి పైకెత్తింది. కొమ్ములు పైకప్పు దూలాల్లో ఇరుక్కున్నాయి, తాళంచెవులు దూలం మీద చిన్నగా గలగలమంటున్నాయి. దాని కళ్లు మాత్రం కిందకి, పిల్ల మొహంలోకే.

"ఇవ్వనంటోంది నాన్నా," అంది సిగ్నీ. చాలాసేపటి నుంచి బతిమాలినట్టుంది, గొంతు అలిసిపోయింది.

ఆరిన్ దగ్గరికెళ్లి నడుం పట్టుకుని, చిన్నప్పుడు గుర్రం మీంచి దించినట్టు దించాడు. ఇద్దరూ నేల మీదే కూలబడ్డారు.

"ఎప్పటి నుంచమ్మా?"

"మొదటి మంచు పడ్డప్పటి నుంచి."

"నాతో ఒక్క మాటైనా..."

"నువ్వు ఎవర్నీ నమ్మవు నాన్నా. నన్ను నమ్ముతావా?"

ఆరిన్ గొర్రె ఉమ్మనీరు అంటుకున్న చేతులతోనే కూతుర్ని దగ్గరకు తీసుకున్నాడు. అవతల కొట్టంలో గొర్రె అరుస్తూనే ఉంది. అతను లేవలేదు. పిల్ల ఏడుపు ఆగి, ఊపిరి కుదుటపడ్డాక క్లినిక్‌కి ఫోన్ చేశాడు. ఆదివారమైనా డెల్ఫీన్ వచ్చి క్లినిక్ తలుపు తీసింది. అతని వైపు "చెప్పానా" అన్నట్టు చూడలేదు. పిల్లని లోపలికి తీసుకెళ్లి, పెద్ద ఊరి డాక్టరుతో ఫోన్లో మాట్లాడింది. ఈసారి బయట కూర్చోమనకముందే ఆరిన్ వెళ్లి కూర్చున్నాడు.

ఆ తర్వాత వారం వారం కూతుర్ని ఆ డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లాడు. దుప్పి మాత్రం మెడ దించలేదు, తాళంచెవులు దూలం దగ్గరే ఉండిపోయాయి. వేట రోజులు వచ్చేసరికి తమ్ముడు హాల్వర్ దిగాడు.

"బీరువా అద్దం పగలగొడితే తుపాకులు బయటికొస్తాయి. గోడకున్న జంతువుకి భయపడతావేంటి అన్నయ్యా?"

"ముట్టుకోకు. అదే ఇస్తుంది, ఇచ్చినప్పుడు."

"మరి చలికాలానికి మాంసం?"

"కొనుక్కుంటాం."

హాల్వర్ నోరెళ్లబెట్టాడు. హాగెన్ల ఇంట ఎన్నడూ వినని మాట అది.

అంతలో సిగ్నీ బయటి నుంచి తలుపు తోసుకుని వచ్చింది. మొహం చలికి కందిపోయింది, జుట్టంతా గడ్డిపరకలు.

"ఆ కుంటి గొర్రె మళ్లీ కంచె దూకింది నాన్నా. నా ఒక్కదాని వల్ల కాదు, రా."

ఆరిన్ కోటు తగిలించుకుని కూతురి వెనకే నడిచాడు.