తాడు పట్టినోళ్ల వాటా

బియ్యం నేలపాలైంది.

రేవు పక్క మాంగనీసు ఖనిజం యార్డు గేటు ముందు, పనికొచ్చిన కూలీలందరూ చూస్తుండగా, కంట్రాక్టరు జగ్గయ్య మనిషి కరీమున్నీసా చేతిలో సంచి లాక్కుని బోర్లించాడు. నల్లటి దుమ్ములో తెల్లటి గింజలు. ఆమె మొగుడు నజీర్ వానల్లో ఖనిజం గుట్ట జారితే దాని కిందే పోయాడు. జగ్గయ్య పరిహారం కింద రూపాయి ఇవ్వలేదు. నెలకో సంచి బియ్యం పోయిస్తానన్నాడు. అందులో కొంత ఆమె వన్‌టౌన్ బజారులో అమ్ముకుంది. అదీ నేరం.

"తినమని ఇత్తే యాపారం సేత్తన్నావా? ఇంక నీకు గింజ నేదు," అన్నాడు జగ్గయ్య, జీపు దిగకుండానే.

"పిల్లకి ఉబ్బసం బాబూ. దవాకి బియ్యం తీసుకోరు. డబ్బే ఇప్పించండి."

"డబ్బా? మీ సేతిలో డబ్బెడితే ఎటు పోద్దో నాకు తెల్దా?"

కొందరు నవ్వారు. వాళ్లలో, అక్కడే తట్ట మోసే తాయారు మొగుడు వరహాలూ ఉన్నాడు. తాయారు నవ్వలేదు, అలాగని అడ్డమూ పడలేదు. తట్ట ఎత్తుకుని లోపలికి నడిచింది. ఆ గింజలు సాయంత్రం దాకా కాళ్ల కింద నలుగుతున్నట్టే ఉంది ఆమెకు.

తాయారుది సముద్రపొడ్డు పల్లె. బయటి హార్బరు కట్టాక ఒడ్డు పోయింది, వల పోయింది, నెత్తికి ఈ తట్ట వచ్చింది. వల రోజులు మాత్రం ఆమె మరిచిపోలేదు. పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ వాటా. బలం లేని ముసలివాళ్లు ఊరికే పట్టుకు నిలబడ్డా వాటా. సముద్రం మింగినవాడి పెళ్లాం వచ్చి పట్టుకుంటే ముందు వాటా ఆమెకే. వండుకుందా, అమ్ముకుందా అని అడిగినవాడు లేడు.

శనివారం కూలి చేతికందాక తాయారు గేటు బయట తట్ట దింపింది. ఇంట్లో దాచిన పాత వలతాడు దానికి కట్టి, కొస పొడుగ్గా వదిలింది.

"ఏటే ఇది?" అన్నాడు వరహాలు.

"వల. ఉన్నోళ్లు ఉన్నకాడికి ఎయ్యండి. గడవనోళ్లు తాడు పట్టుకుని తీసుకోండి. ఎందుకని ఎవులూ అడక్కండి."

"ఈ కరీమమ్మ బిరియానీ తింటాది సూడు!"

"తిననీ. నువ్వు సారా తాగొచ్చినప్పుడు నానడిగేనా?"

గుంపు గొల్లుమంది. వరహాలు తల గోక్కున్నాడు.

తోటి కూలీ చిలకమ్మ నవ్వలేదు. అందరి మనసులో ఉన్న మాటే ఆమె పైకి అంది. "అది గాదే తాయారూ, ఒళ్లొంచకుండా తీసుకునీవోళ్లొత్తేనో?"

"ఒంచుతానన్నా పనేడుందే? రోజూ పొద్దున్న ఆ జగ్గయ్య సగం మందిని ఏలు సూపి పొమ్మంటన్నాడు. ఆ రోజు మన కడుపాకలి కూడా పోతాదా?"

చిలకమ్మ కొంగుముడి విప్పింది.

కరీమున్నీసా తాడు పట్టుకుని, తల ఎత్తకుండా తీసుకుంది. ఎవరైనా ఏదో అంటారని ఒక్క క్షణం ఆగింది. ఎవరూ అనలేదు. ఆ వారం ఆమె కూతురు షంషాద్ గుండెల్లో ఈల తగ్గింది.

వారం వారం తట్ట నిండేది, ఖాళీ అయ్యేది. జగ్గయ్యకు తేడా తెలిసింది. వేలు చూపించి పొమ్మంటే జనం ఇదివరకులా కాళ్లమీద పడటం లేదు. అప్పుకి రావడం లేదు. అతని జీపు ఇప్పుడు గేటుకెదురుగా ఇంజను ఆపకుండా నిలబడి ఉంటోంది. వాళ్లు వెళ్లే దారిలో నెమ్మదిగా వెనకాలే వస్తోంది. ఎవరూ దిగరు.

ఒక పొద్దున్న ఒక్క తట్టా లేవలేదు.

"నజీరు పేణానికి డబ్బు కట్టు. ఆయమ్మ సేతికే ఇయ్యి. పనిలేని రోజుకీ మాకు సగం కూలి గావాల. బియ్యం నువ్వే వండుకో," అంది తాయారు.

"ఎన్నాళ్లు మాడతారో సూత్తాను."

"మాడం. అదే గదా నీ బాద!"

జగ్గయ్య జీపు వెళ్లిపోయింది. దాని వెనక దుమ్ము అణగకముందే పోలీసు వ్యాను వచ్చింది.

"దొంగ వసూళ్లు. ఎవరిదీ తట్ట?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, గేటు పక్కనున్న తాడు కట్టిన తట్టను లాఠీతో చూపించి.

"నాదే."

తాయారును జుట్టు పట్టి వ్యానులోకి తోశారు. సాక్ష్యమని తట్టనూ ఎక్కించారు. తలుపు మూశారు. వలతాడు మాత్రం తలుపు సందులో ఇరుక్కుని, కొస బయటికి వేలాడుతోంది.

కరీమున్నీసా పరుగున వెళ్లి దాన్ని పట్టుకుంది.

"నువ్వెవతివి? వదులు!"

"తాడు పట్టుకున్నా సాబ్. నాకూ వాటా ఉంది."

లాఠీ ఆమె మణికట్టు మీద పడింది. చెయ్యి వదల్లేదు. ఆ చేతి వెనక చిలకమ్మ చెయ్యి పడింది. ఆనాడు నవ్విన వరహాలు వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, తాడు నడుముకు చుట్టుకున్నాడు. రోజూ పని లేదని పొమ్మనిపించుకునే ముసలమ్మ ఊరికే పట్టుకు నిలబడింది.

ఇంజను గర్జించింది. చక్రాలు దుమ్ములో గిరగిర తిరిగాయి.

వ్యాను లోపలినుంచి తాయారు కేక వేసింది, పెద్దవల లాగేనాటి కేక. "ఐలేసా!"

బయటినుంచి జవాబు వచ్చింది.

మలుపు దగ్గర రెండో వ్యాను ఆగి, లాఠీలవాళ్లు దిగుతున్నారు. పక్క యార్డులో కూలీలు ఒక్కొక్కరే తట్టలు దింపి, తాడు వైపు నడిచి వస్తున్నారు.