నీడ పట్టే చెయ్యి

శ్రీముఖలింగంలో ఫొటో దాలయ్య నోరు విప్పితే సూర్యుడికి కూడా పరువు దక్కదు. పూర్వం ఒక పెళ్లిలో ఎండ లెన్సులోకి దూరి, ఫొటోలో పెళ్లికూతురి నెత్తిన ఏడు వెలుగు బిళ్లలై పడిందట. అది చూసి పెళ్లికొడుకు ఆవిడ సాక్షాత్తూ అమ్మవారేననుకున్నాడనీ, ఈనాటికీ పెళ్లానికి ఎదురు చెప్పడనీ అతని కథ.

అలాంటి బిళ్లలు మళ్లీ పడకుండా కాసింది అతని భార్య కూర్మమ్మ. దాలయ్యది మూడు కాళ్ల మీద నిలబెట్టే పెద్ద చెక్క కెమెరా. నల్లగుడ్డలో అతను తల దూర్చగానే, ఆవిడ పక్కన నిలబడి గొడుగు చాచి లెన్సుకు నీడ పట్టేది. కాపురానికొచ్చిన నాటినుంచీ అదే కొలువు. అందుకే ఊరందరి ఫొటోలూ ఉన్నాయి గానీ, ఆ కెమెరాతో తీసిన కూర్మమ్మ ఫొటో ఒక్కటీ లేదు. అడిగితే, "నేనటెల్తే గొడుగు నీ తాత పడతాడా?" అనేది.

ఈ ఏడు దాలయ్యకు చేతులు వణకడం మొదలైంది. కెమెరా మూట కట్టేసేలోగా ఆ ఒక్క ఫొటో తీసి తీరాలనుకున్నాడు. దానికి సరిపోయే పెద్ద ఫిల్ము ఎక్కడా దొరకలేదు. శ్రీకాకుళంలో ఎక్స్‌రేలు తీసే మేనకోడలు శైలజ కొంచెం ఎక్స్‌రే ఫిల్ము ఇచ్చింది. కోసి పరీక్షలు చేసుకోగా ఒక్క ముక్క మిగిలింది. ఇక అట్టలకు నల్లగుడ్డ అంటించి, హార్మోనియం తిత్తిలా మడతలు పెట్టి, లెన్సు ముందు తగిలించే హుడ్డు కూడా తయారుచేశాడు.

"మావా, నా గొడుగేదీ?" అంటూ వచ్చింది కూర్మమ్మ. మూలన ఉత్త ఊచలు కనబడ్డాయి. "ఓలమ్మో, సించేసినావేటి!"

"నీడెవులు పడతారన్నావు కాదేటే. ఇడుగో, కొత్త పనోడు," అని హుడ్డు చూపించాడు.

"ఎక్స్‌రే ఫిల్మంట. నా ఎముకలు పడిపోవు కదా?"

"ఎముకలేటి, కడుపులో దాసుకున్న సాడీలు కూడా పడతాయి."

"అయితే నిన్ను తియ్యడానికి ఫిల్ము సాలదు," అంది. హుడ్డు మడతలు తడిమి చూసి, "ఒక్కపాలే నిలబడతాను. మరి అడక్కు," అంది.

సాయంత్రం వంశధార ఒడ్డున, ఏటి మీది వెలుగు వెనక పడేలా ఆవిణ్ణి నిలబెట్టాడు. కెమెరా వెనక, బొమ్మ కనబడే అద్దానికి మూలలు కోసి ఉంటాయి. ఆ సందులోంచి చూస్తే లెన్సు కన్ను గుండ్రంగా కనబడాలి. ఎలక కొరికిన అరిసెలా కనబడింది. హుడ్డు మరీ ముందుకు సాగిందన్నమాట. కాస్త వెనక్కి ముడిచాక అరిసె నిండుగా కనబడింది. ఫిల్ము దూర్చాడు. అది దూర్చాక అద్దంలో ఇంకేమీ కనబడదు. లెన్సు మీద ఏం పడుతోందో ఎదుట నిలబడ్డవాళ్లకే తెలియాలి.

సరిగ్గా అప్పుడే ఏటిగాలి లేచింది. దాలయ్య ఒక చేత్తో కెమెరా కాలూ, ఇంకో చేత్తో ఫొటో నొక్కే మీట తీగా పట్టుకున్నాడు.

"మావా, నీ పనోడు పడిపోనాడు! కెమెరా కంటి మీద ఎండ పడతన్నాది!"

హుడ్డు పైమడత గాలికి వెనక్కి వాలిపోయింది. సర్దడానికి చెయ్యి వదిలితే కెమెరా బోర్లా పడుతుంది. సూర్యుడేమో అవతలి ఒడ్డు తాటిచెట్ల మీదికి దిగిపోతున్నాడు. రేపు నిలబడతావా అని అడగడానికి దాలయ్యకు నోరు రాలేదు. ఆ నోరు పడిపోవడం ఊళ్లో అదే మొదలు.

కూర్మమ్మ కాలు కదపలేదు. కదిలితే బొమ్మ మసకబారుతుందని అతను పదిమందికీ చెప్పగా వింది. సూర్యుడి వైపు చెయ్యి చాచి అరచెయ్యి విప్పింది. ఆ చేతి నీడ కెమెరా మీద తారాడి, వెతుక్కుంటూ వచ్చి లెన్సు మీద నిలిచింది.

"ఊఁ, నొక్కు," అంది, మొగుడి మొహం చూసి నవ్వుతూ.

గాలి కొంచెం తగ్గింది. దాలయ్య నొక్కాడు.

కడిగి చూస్తే ఒక్క బిళ్లా లేదు. ఆవిడ జుట్టు అంచున సన్నటి వెలుగు, పెదాల మీద ఆ నవ్వు. చాచిన చెయ్యి మాత్రం మణికట్టు దాటాక ఫొటోలోంచి బయటికి పోయింది.

ఇప్పుడది వాళ్ల వీధిగదిలో వేలాడుతోంది. ఆ చెయ్యి దేన్ని పట్టుకుందని వచ్చినవాళ్లందరూ అడుగుతారు.

"సూర్యుడి సెవి," అంటాడు దాలయ్య. "దిగిపోతన్నాడని పట్టుకుని ఆపీసింది. ఆ పూట ఊళ్లో కోళ్లు గూటికెల్లక అల్లాడిపోనాయి."

లోపల్నుంచి కూర్మమ్మ కేకేస్తుంది: "నా గొడుగు కత కూడా సెప్పు మావా. సెప్పీసి, నరసన్నపేట ఎల్లి కొత్తది తే!"