దశరథం పోగు

ఆదివారం పొద్దున నేతగాళ్ల పేట గోడాదరాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగుతాయి. బృందగానం వాళ్లకు తమ గొంతులు తమకు వినిపించేది ఆ ఒక్క పూటే. సాంచాల ఇంట్లో పుట్టి సంగీతం నేర్చుకున్న హారతి, మేడమీది రేకుల గదిలో ఫోన్‌లో శ్రుతి పెట్టి అందరి చేతా సా పలికిస్తుంది. పాడితే నోట్లోంచి నూలుపోగు వస్తుంది కదా, దాన్ని చూసే తప్పులు చెబుతుంది.

"గొంతుల కెల్లి గుంజకుండ్రి. బొడ్డు కాడికెల్లి గాలి తియ్యిండ్రి. భుజాలు లేవొద్దు."

గొంతుతో పాడినవాళ్ల పోగు వదులుగా వేలాడుతుంది. కడుపులోంచి పాడితే ఎదుటి గోడ దాకా బిగిసి నిలబడుతుంది. క్లాసయ్యాక వెంకటవ్వ పోగులన్నీ ఏరుకుని దీపాలకు వత్తులు చేసుకుంటుంది. దశరథం పోగును మాత్రం ముట్టదు. అదంతా పీచు పీచుగా ఉంటుంది మరి.

పాపం, ఆయనేం చేస్తాడు? వయసంతా సాంచాల మధ్య గడిపి చెవులు పోగొట్టుకున్నాడు. ఆ మోతలో ఎవరూ మాట్లాడరు, అన్నీ సైగలే. ఇంట్లోనూ అదే అలవాటైంది. ఆయన గొంతుకు ఏదైనా పని మిగిలిందంటే ఈ ఆదివారం పాటే. శ్రుతి వినపడక అరిచేసేవాడు.

నేతవాళ్ల పండగ మార్కండేయ జయంతి, వీళ్లంతా అందరి ముందూ పాడాల్సిన రోజు, దగ్గర పడింది. హారతి ఆయన ఎదుట నిలబడి, పెదాలు కనిపించేలా నిదానంగా చెప్పింది.

"పెద్దనాయినా, ఏమనుకోకు. జయంతి నాడు నువ్వు ముంగట కూసోని విను."

"వినెతందుకు చెవులుండాలె గద బిడ్డా," అని నవ్వాడు. నవ్వాడే గానీ కళ్లు తుడుచుకున్నాడు. "ఇయ్యాల ఒక్కనాడు పాడనియ్యి."

ఆమె కాదనలేకపోయింది. అందరినీ మూడు వరుసలు చేసింది.

"ఎన్కట అందరు ఒక్క స్వరమే పాడేటోళ్లట. తర్వాత కొందరు కిందనే నిలబడ్డరు, కొందరు మీదికి పోయిండ్రు. కిందోళ్లు కదలకుంటేనే మీదోళ్లు పోతరు. కింది వరుస సా, నడిమి వరుస గా, మీది వరుస పా."

కింది వరుసలో దశరథం పక్కన సోమలింగం. ఊపిరి చాలక సోమలింగం పోగు పుటుక్కున తెగింది. తెగిన పోగును చూస్తూ ఊరుకునే చేతులు కావు దశరథానివి. పాట ఆపకుండానే, ఏ ఆలోచనా లేకుండా, ఆ కొస అందుకుని తన పోగుకు ముడేశాడు.

సోమలింగం గుర్రుగా చూసి, మళ్లీ ఊపిరి తీసి అందుకున్నాడు. ముడి బిగిసింది. దశరథం వేళ్ల మధ్య రెండు అదురులు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. బిగువు సరిచేయడం ఆయనకు కొత్తా? స్వరం కాస్త కిందికి దించాడు. కొట్టుకోవడం నెమ్మదించింది. ఇంకాస్త దించాడు. ఆగిపోయింది. ఒకటే అదురు చేతి ఎముకలోంచి దవడకు, దవడలోంచి చెవికి ఎక్కింది. దశరథం సా విన్నాడు. ఎన్నాళ్లకో విన్నాడు.

ఆ సా మీద గా నిలబడింది, పా నిలబడింది. పోగులన్నీ బిగిశాయి. అప్పుడు రేకుల కింద, ఎవరూ పాడని స్వరం ఒకటి, అందరి కన్నా పైన, సన్నగా మోగింది. హారతి తాళం వేయడం మరిచిపోయింది.

పాట ఆగాక ఆమె ఫోన్‌లో శ్రుతి కట్టేసింది. వెంకటవ్వ ఆ రోజు మొదట దశరథం పోగు కోసమే వంగింది. ఆయన ఇంకా దాన్ని వదల్లేదు.

"జయంతి నాడు నడుమ నువ్వే నిలబడాలె పెద్దనాయినా," అంది హారతి, ఆయన వెనక నుంచి. "అందరం నీకే ముడేసుకుంటం."

ఆమె మాటకు దశరథం వేళ్ల మధ్య పోగు అదిరింది. ఆమె పెదాల కోసం ఆయన వెనక్కి తిరగలేదు.

"గట్లనే బిడ్డా," అన్నాడు మెల్లగా.